ఫైబర్ పెట్టించుకుంటే నెలకు పెరిగేది 589 కాదు, 110

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. నా భార్య టీచరు. అమ్మ మాతోనే ఉంటుంది. మూడు ఫోన్లకూ 28 రోజులకు 349 రూపాయల చొప్పున రీఛార్జి చేయిస్తున్నాను. డేటా చాలక అదనపు ప్యాక్‌లకు నెలకు మరో 200 పోతోంది. అయినా ఆఫీసు వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోంది. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ఫైబర్ నెలకు 499 అంటున్నారు. ఇంకో సంస్థ ఎయిర్ ఫైబర్ 599, బిగించినందుకు 1,000 అంటోంది. నెలవారీ ధరలకు జీఎస్టీ అదనం. ఇంకో 600 భారం తలకెత్తుకోవాలా?

సమాధానం: ముందు మీరు ఇప్పుడు పెడుతున్న ఖర్చు చూద్దాం. 28 రోజుల ప్యాక్ వేయిస్తే ఏడాదికి పన్నెండు కాదు, 13 రీఛార్జులు అవుతాయి. ఒక్కో ఫోనుకు 4,537, మూడింటికి 13,611 రూపాయలు. అదనపు ప్యాక్‌ల 2,400 కలిపితే 16,011. ఇంత పోసినా పని జరగడం లేదు.

ఫైబర్ 499కి 18 శాతం జీఎస్టీ కలిపితే 589, ఏడాదికి 7,066. కనెక్షన్ వచ్చాక మూడు ఫోన్లకూ పాత రీఛార్జులే కొనసాగించడం చాలా ఇళ్లలో నేను చూసే పొరపాటు. మీ ఫోనుకు 349 ఉంచండి, లైను పోయిన రోజు అదే ఆదుకుంటుంది. మీ శ్రీమతి పగలు బడిలో ఉంటారు కనుక 299 ప్యాక్ సరిపోతుంది. అమ్మగారికి డేటా లేని, కాల్స్‌కు మాత్రమే పనికొచ్చే ప్యాక్ చాలు. ఇలాంటివి తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. ఏడాదికి సుమారు 1,850 అవుతుంది. అయితే ఆమె గుడికో పెళ్లికో వెళ్లినప్పుడు వాట్సాప్ రాదు. అందుకని ఆమెను అడిగాకే మార్చండి, పెద్దవాళ్లకు అదే కాలక్షేపం.

ఇప్పుడు ఏడాది లెక్క: ఫైబర్ 7,066, మీ ఫోను 4,537, శ్రీమతి ఫోను 3,887, అమ్మగారిది 1,850. మొత్తం 17,340. ఇప్పటి ఖర్చు కంటే ఏడాదికి 1,329, అంటే నెలకు సుమారు 110 రూపాయలు ఎక్కువ. ఉద్యోగం నిలబెట్టే లైనుకు ఇది పెద్ద మొత్తం కాదు. నేనైతే వెనుకాడను.

ఎయిర్ ఫైబర్‌కు డాబా మీద యాంటెన్నా పెట్టి టవర్ నుంచి 5జీ సిగ్నల్ తీసుకుంటారు. వీధిలోకి ఫైబర్ వైరు రాని ఇళ్లకు అది మంచి దారి. మీకు వైరు వస్తోంది. పైగా ఫైబర్ కంటే ఏడాదికి 1,416, మొదటి ఏడాది బిగింపుతో కలిపి 2,416 ఎక్కువ. టవర్ మీద రద్దీ పెరిగే వేళ వేగం తగ్గవచ్చు కూడా. వేగం అంకెలు చూసి పెద్ద ప్లాన్‌కు పోవద్దు. మీ ఇంటి వాడకానికి 40 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది.

మీరు నిజంగా ఆరా తీయాల్సింది లైను తెగితే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు అని. మా వీధిలో కరెంటు తీగలకు అడ్డమొస్తున్నాయని వేపకొమ్మలు కొట్టినప్పుడు మా ఫైబర్ కూడా తెగింది. పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని) అని రాసిన చోట ఎర్ర దీపం మూడు రోజులు వెలుగుతూనే ఉంది. కంపెనీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఫిర్యాదు సంఖ్యే వచ్చింది, మనిషి రాలేదు. అందుకే ఆ ఆపరేటర్ కనెక్షన్ ఉన్న రెండిళ్లకు వెళ్లి, పోయిన వానాకాలంలో ఎలా ఉందో అడగండి.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే బిగింపు ఉచితం అంటే తొందరపడకండి. మూడు నెలలు చూసి కట్టండి, సేవ బాగా లేకపోతే కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం. కరెంటు పోతే రూటర్ కూడా ఆగుతుంది. ఇన్వర్టర్ ఉంటే ఆ లైనులో పెట్టించండి, లేకపోతే 1,500 రూపాయల చుట్టుపక్కల దొరికే చిన్న యూపీఎస్ కొనండి.

కనెక్షన్ మీ పేరు మీదే తీసుకుని, జీఎస్టీ బిల్లు అడగండి. ఇంటర్నెట్ ఖర్చు తిరిగి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. మీ కంపెనీలో ఆ పద్ధతి ఉందేమో కనుక్కోండి. ఉంటే వాళ్లు అడిగేది మీ పేరున్న బిల్లే.

అమ్మగారు సరేనంటే, ఆమె పాత రీఛార్జి గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇవాళే చూసి, దానికి రెండు రోజుల ముందే ఫైబర్ బిగించమని చెప్పండి. అప్పుడు ప్యాక్ మార్చినా ఇంట్లో ఆమెకు నెట్ ఆగదు.