మారిషస్‌కు వెళ్లేవారు నెలతో పాటు చోటూ చూసుకోవాలి

ప్రశ్న: మారిషస్ చాలా చిన్న దేశం కదా. ఒకే రోజు నడిమి ఎత్తున ఉన్న క్యూర్‌పీప్ ఊళ్లో జడివాన, పడమటి తీరాన ఉన్న ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో మండుటెండ ఎలా ఉంటాయి?

జవాబు: దేశం మొత్తం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అందులో ప్రధాన దీవి 1,865. ఈ దీవిని తూర్పు నుంచి పడమరకు దాటితే 45 కిలోమీటర్లే. కానీ నడుమ 300 నుంచి 600 మీటర్ల ఎత్తున లావాతో ఏర్పడిన పీఠభూమి ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. సముద్రం మీద తేమ నింపుకున్న గాలి తూర్పు తీరం దాటి పైకెక్కుతూ చల్లబడుతుంది, ఆ తేమను పీఠభూమి మీదే కురిపిస్తుంది. పడమటి వాలు దిగేటప్పుడు మళ్లీ వేడెక్కి పొడిబారిపోతుంది. అందుకే ఏడాదికి తూర్పు తీరాన 1,500 మి.మీ., పీఠభూమి మీద 4,000 మి.మీ. దాకా వాన పడితే, పడమటి తీరాన 900 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో ఈ గాలులు బలహీనపడినప్పుడు మాత్రం పడమటి తీరానికీ మధ్యాహ్నం ఉరుముల వానలు వస్తాయి. కాబట్టి పడమటి తీరాన ఉన్న రాజధాని పోర్ట్ లూయీలో ఆకాశం నిర్మలంగా ఉందని గొడుగు లేకుండా గంగా తలావ్‌కు బయల్దేరకండి. ఆ సరస్సు దాదాపు 550 మీటర్ల ఎత్తున, వాన ఎక్కువ పడే చోటే ఉంది.

ప్రశ్న: జూలైలో వెళ్తున్నాం. ఉష్ణమండలమే కాబట్టి నూలు బట్టలు చాలా?

జవాబు: చాలవు. దీవి భూమధ్యరేఖకు 20 డిగ్రీల దక్షిణాన ఉంది, కాబట్టి జూలై అక్కడ చలికాలం. వేసవి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. రెండు కాలాల సగటు ఉష్ణోగ్రతలకు తేడా నాలుగు డిగ్రీల పైచిలుకే గనుక తీరంలో ఉన్నంతసేపూ ఇబ్బంది తెలియదు. ఎత్తుకు వెళ్తేనే తెలుస్తుంది. క్యూర్‌పీప్ తీరం కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, దానికి తోడు తుంపర, గాలి. ఒక స్వెట్టరు, నీరు చొరని పల్చటి జాకెట్ తప్పనిసరి. ఇంకో మాట: చలికాలంలో ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి బెల్ మార్ లాంటి తూర్పు బీచ్‌ల కంటే పడమటి తీరంలో బస హాయి. గాలి, వేడి, వాన మూడూ అదుపులో ఉండే కాలం కావాలంటే అక్టోబరు చూడండి. సగటున అన్నిటికంటే పొడి నెల అదే.

ప్రశ్న: తుఫాను హెచ్చరికల్లో 1 నుంచి 4 దాకా తరగతులు ఉంటాయట. దేన్ని చూసి జాగ్రత్తపడాలి?

జవాబు: ఒకటో తరగతి ప్రకటించగానే. ఈ తరగతులు గంటకు 120 కిలోమీటర్ల ఈదురు గాలులు వచ్చే అవకాశం చుట్టూ అల్లినవి. అంకె పెరిగేకొద్దీ సిద్ధపడేందుకు మిగిలే సమయం తగ్గుతుంది. ఒకటి, రెండు తరగతుల్లోనే తాగునీరు పట్టుకోవాలి, టార్చిలైటు, బ్యాటరీలు, వండకుండా తినే ఆహారం సమకూర్చుకోవాలి, ఆరుబయట ఎగిరిపోగల వస్తువులను లోపలికి చేర్చాలి. మూడో తరగతి వచ్చాక రోడ్డు మీద ఉండకూడదు.

ప్రాణాల మీదికి తెచ్చే పొరపాట్లు ముఖ్యంగా రెండు. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, నెత్తిమీదికి రాగానే గాలి ఒక్కసారిగా నిలిచిపోతుంది. గండం గడిచిందని బయటికొస్తే, కాసేపటికి వ్యతిరేక దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను కన్ను దీవిని దాటినప్పుడు గంటకు 280 కిలోమీటర్ల వేగం నమోదైంది. రెండోది, గాలినే చూసి నీటిని మరచిపోవడం. మోకా కొండల పాదాన, సముద్రానికి ఆనుకుని పోర్ట్ లూయీ ఉంది. నిటారు వాలుల మీంచి దిగే చిన్న వాగుల నీరు నిమిషాల్లో ఊరి మధ్యకు చేరుతుంది. 2013 మార్చి 30న ఏ తుఫానూ లేకుండానే, రెండు గంటల్లోపు కురిసిన కుండపోతకు అక్కడ 11 మంది చనిపోయారు. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను సమయంలో అదే నగరంలో కార్లు కొట్టుకుపోయాయి. జడివానలో భూగర్భ పార్కింగ్‌లోకి గానీ సొరంగ దారిలోకి గానీ దిగకండి, కారు కోసమైనా సరే.

ప్రశ్న: అంత వాన పడే దీవిలో నీటి కొరత ఏమిటి?

జవాబు: రాయి బెజ్జాల బసాల్ట్, వాననీరు చాలా వరకు కిందికి ఇంకిపోతుంది. నదులు పొట్టివి, మిగిలింది త్వరగా సముద్రం పాలవుతుంది. నిల్వకు అన్నిటికంటే పెద్దది మార్-ఓ-వాకోస్ జలాశయం, దాని సామర్థ్యం సుమారు 2.6 కోట్ల ఘనపు మీటర్లు. వేసవి వానలు ఆలస్యమైతే సంవత్సరాంతానికి జలాశయాలు అడుగంటి సరఫరా గంటలు తగ్గిస్తారు. అద్దె ఇల్లు తీసుకునేవారు పైకప్పు మీద ట్యాంకు ఉందో లేదో ముందే అడగాలి.

ప్రశ్న: దక్షిణ తీరంలో ఈత కొట్టవచ్చా?

జవాబు: గ్రీ-గ్రీ దగ్గర వద్దు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల వలయం అక్కడ తెగిపోయింది. అలలను అడ్డుకునేది ఏదీ లేక అవి నేరుగా కొండరాళ్లను కొడతాయి. మిగతా తీరాల్లో దిబ్బకు లోపలున్న లగూన్‌లో ఈదండి, కానీ దిబ్బలో గండి ఉన్నచోట్ల నీరు వేగంగా బయటికి లాగుతుంది. ఆ గండ్లు ఎక్కడున్నాయో అక్కడి జాలరులను అడిగి తెలుసుకున్నాకే నీళ్లలో దిగండి.