గాల్ బ్లాడర్ తీసేశాక కూడా కడుపు నొప్పి తగ్గట్లేదా? యూకేలో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి ఒక్కదానివే వెళ్ళకు

చెల్లెమ్మా, నీ మెసేజ్ మొత్తం చదివాను. ఆపరేషన్ అయి నెలలు గడిచినా అన్నం తిన్న కాసేపటికే కడుపులో మెలిపెట్టడం, బాత్రూమ్‌కి పరుగెత్తడం, కుడి డొక్కలో పోటు, జీపీ ఏమో "టైం పడుతుంది, పారాసెటమాల్ వేసుకో" అని పంపించేయడం, ఇక ఇండియా వెళ్ళిపోనా అని అడిగావు. టికెట్ అప్పుడే బుక్ చెయ్యకు. ఇంట్లో అమ్మకి చెప్పలేదు, రూమ్మేట్స్‌కి కూడా చెప్పలేదు అన్న ముక్క దగ్గర మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే నేను చేసిందీ అదే, దాని వల్లే ఏళ్ళు ఏళ్ళు బాధపడ్డాను.

నాకు ఈ దేశం వచ్చిన కొత్తలోనే గాల్ బ్లాడర్ తీశారు, కీ హోల్ ఆపరేషన్, మర్నాడే ఇంటికి పంపారు. మావారు వేరే ఊళ్ళో కాంట్రాక్ట్ జాబ్, వీకెండ్ వస్తే వచ్చినట్టు. కుట్లు మానాయి గానీ కడుపు మానలేదు. జీపీ దగ్గరికి వెళ్ళే రోజు బస్సులో కూర్చోలేనేమో అని ముందే పెయిన్ కిల్లర్ వేసుకునేదాన్ని, శుభ్రంగా తల దువ్వుకుని మంచి డ్రెస్ వేసుకుని వెళ్ళేదాన్ని, ఆయన పొట్ట నొక్కి చూసేసరికి నొప్పి ఉండేది కాదు. మోషన్స్ సంగతి మగ డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గు. ఒకసారి గుండెల్లో మంట అన్నాను, ఇంకోసారి నీరసం అన్నాను, ఎప్పుడు వెళ్ళినా వేరే డాక్టరు, ఎవరికీ కథ మొత్తం తెలీదు, చివరికి ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పే సమస్య) అనీ స్ట్రెస్ అనీ రాసేశారు. అమ్మకి ఫోన్‌లో "బాగానే ఉన్నా, పప్పు చేసుకున్నా" అని చెప్పేదాన్ని, నిజానికి గుప్పెడు అన్నం మజ్జిగలో కలుపుకుని తిని బయటికి వెళ్ళాలంటే అది కూడా మానేసేదాన్ని.

అసలు మలుపు ఎక్కడ వచ్చిందంటే, పక్క వీధిలో ఉండే మన వాళ్ళావిడ, నెల్లూరు ఆవిడ, నాతో పాటు వచ్చి ఆ గదిలో కూర్చుంది. నేను మామూలుగా "కొంచెం నొప్పి" అని మొదలెట్టగానే ఆవిడ అడ్డుపడి, ఈ పిల్ల బయటికెళ్ళే ముందు తిండి మానేస్తోంది, షాపుకెళ్తే ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకుంటోంది, రాత్రిళ్ళు లేచి పరుగెడుతోంది, బట్టలన్నీ వదులైపోయాయి అని వరసగా చెప్పేసింది. డాక్టరు కంప్యూటర్ మీంచి చూపు తిప్పి అప్పుడు నా మొహం చూసింది. ఆ రోజే బ్లడ్ టెస్టులు రాసింది, తర్వాత హాస్పిటల్‌కి రిఫరల్.

నాకు తేలింది బైల్ యాసిడ్ డయేరియా. గాల్ బ్లాడర్ ఉన్నప్పుడు పైత్యరసం అందులో నిలవుండి తిన్నప్పుడు వదులుతుంది, అది తీసేశాక ఆగకుండా పేగులోకి కారుతూనే ఉంటుంది, కొంతమందిలో అది పెద్దపేగు దాకా వెళ్ళి నీళ్ళు లాగి విరేచనాలు చేస్తుంది. దీనికి ఇక్కడ సీక్యాట్ అని టెస్ట్ ఉంది, ఒక క్యాప్సూల్ మింగిస్తారు, స్కాన్ తీస్తారు, వారం తర్వాత మళ్ళీ తీసి ఎంత మిగిలిందో చూస్తారు. మందు కోలెస్టిరమిన్ పొడి, నీళ్ళలో కలుపుకుని తాగాలి, ఇసకలా ఉంటుంది, వేరే మాత్రలేవైనా వాడుతుంటే వాటిని ఈ పొడికి గంట ముందో, పొడి తాగిన నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి, లేకపోతే వాటిని కూడా పీల్చేసుకుంటుంది. నీదీ ఇదే అని నేను చెప్పలేను. పైత్యనాళంలో రాయి మిగిలిపోయినా డొక్కలో పోటు వస్తుంది, దానికి లివర్ బ్లడ్ టెస్ట్, అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలు చూసే ఎంఆర్‌ఐ) స్కాన్. ఈ పేర్లు తెలుసుకుని అడుగు, అంతే గానీ ఫోన్‌లో ఏదో చదివి నీకు నువ్వే మందులు మొదలెట్టకు, ఇప్పటి పిల్లలకి ఆ తొందర ఎక్కువ.

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, విరేచనం తెల్లగా అయినా, చలితో జ్వరం వచ్చినా, నొప్పి తట్టుకోలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకు, నేరుగా ఏ అండ్ ఈకి (హాస్పిటల్ ఎమర్జెన్సీకి) వెళ్ళు. అర్ధరాత్రైనా సరే రూమ్మేట్‌ని లేపు. లేపితే ఏమనుకుంటారో అని ఆలోచించి తెల్లవారేదాకా ఒంటరిగా మూలుగుతూ పడుకునే వాళ్ళని నేను చాలామందిని చూశాను.

రూల్స్ అన్నీ ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) సైట్‌లో ఉంటాయి, చూసుకో. ఒకటి మాత్రం చెప్తా, 2025 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో జెస్ రూల్ అని తెచ్చారు, ఒకే సమస్యతో మూడుసార్లు వెళ్ళినా తేలకపోతే జీపీ మళ్ళీ మొదట్నుంచి ఆలోచించాలి. జెసికా బ్రేడీ అని 27 ఏళ్ళ అమ్మాయి క్యాన్సర్‌తో చనిపోయాక వాళ్ళ అమ్మానాన్నలు పోరాడి సాధించారు. ఆ రూల్ పేరు డాక్టర్ దగ్గర ధైర్యంగా ఎత్తు. డబ్బు మొహమాటం కూడా వద్దు, స్టూడెంట్‌గా వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ (ఈ వైద్యం కోసం ఫీజు) కట్టే వచ్చావు. ఇంగ్లీషులో తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడుగు, ఫ్రీగా పెడతారు. డబుల్ అపాయింట్‌మెంట్ (రెండింతల టైము) అడుగు, ఏం తిన్నావో, ఎంతసేపటికి నొప్పి వచ్చిందో, రాత్రి లేచావో లేదో రెండు వారాలు రాసి ఆ కాగితం డాక్టర్ చేతికివ్వు. నువ్వు హైదరాబాద్‌లో చేయించుకున్న ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ ఇక్కడి రికార్డుల్లో ఉండదు, అమ్మతో ఫోటో తీయించి తెప్పించుకో. ఆ వంకతోనైనా అమ్మకి విషయం చెప్పు, ఆవిడ కంగారు పడితే పడనీ, రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడిగే మనిషి నీకు ఇప్పుడు కావాలి.

ఈ రోజు మా ఊళ్ళో తెలుగు వాళ్ళలో ఎవరికి ఆపరేషన్ అన్నా ముందు నాకే ఫోన్ వస్తుంది, క్యారేజీ పంపిస్తా, తోడు వెళ్తా. నువ్వు కోవెంట్రీ అన్నావు, నేను రెడింగ్‌లో ఉంటాను, పొద్దున అపాయింట్‌మెంట్ అయితే రాలేను. ముందు మీ యూనివర్సిటీ తెలుగు గ్రూపులో ఒక అమ్మాయిని అడుగు, ఎవరూ కుదరకపోతే తేదీ, టైము నాకు పంపు, డాక్టర్‌ని అడిగి ఫోన్ స్పీకర్‌లో పెట్టు, నేను లైన్‌లో ఉంటా. ఆ రోజు పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఎన్నింటికి వేసుకున్నావో డాక్టర్‌కి తప్పకుండా చెప్పు.