పూర్వ విద్యార్థుల జాబితాను ఎలా చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ సీటు ఇస్తామంటోంది కానీ, ఆ ఫీజు కట్టాలంటే అప్పు చేయక తప్పదు. బంధువులేమో ‘సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీని నడిపిన శంతను నారాయణ్ చదివిన చోటు, ఇంకా ఆలోచనెందుకు?’ అంటున్నారు. కళాశాలలో చేర్చడానికి ఈ ఒక్క కారణం చాలా?

జవాబు: చాలదు. సీటు మంచిదే, మీ బంధువులు చెబుతున్న కారణంలోనే బలం లేదు.

శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివింది మీ అమ్మాయికి వచ్చిన బ్రాంచే. అయితే ఆ పట్టాతో ఆయన నేరుగా అడోబీకి వెళ్లలేదు. అమెరికాలో బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేశారు, యాపిల్, సిలికాన్ గ్రాఫిక్స్ వంటి సంస్థల్లో పనిచేశారు, బర్కిలీలో ఎంబీఏ పూర్తిచేశారు, 1998లో అడోబీలో చేరి, 2007లో సీఈఓ అయ్యారు. ఈ దారిలో మీకు పనికివచ్చే విషయం ఆయన పదవి కాదు, ఈసీఈ చదివినవారు కంప్యూటర్ రంగంలోకి మారడానికి ఆ బ్రాంచి అడ్డం కాదన్నది. మీ సందేహంలో సగం అక్కడే తీరుతుంది.

ప్రముఖుల జాబితాలో ఎన్నో రకాల సంబంధాలు ఒకే వరుసలో కలిసిపోయి కనిపిస్తాయి. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2003 నుంచి 2008 వరకు పనిచేసిన వై.వి. రెడ్డి గారు ఎం.ఏ. చదివింది మద్రాసు విశ్వవిద్యాలయంలో. ఉస్మానియా ఇచ్చింది పీహెచ్‌డీ. క్రికెటర్ అజారుద్దీన్ చదివిన నిజాం కళాశాల ఉన్నది బషీర్‌బాగ్‌లో, ఉస్మానియా ప్రధాన ప్రాంగణంలో కాదు. 1887లో మొదలై, చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచి, ఆ తరువాతే ఉస్మానియా గొడుగు కిందికి వచ్చింది. అందువల్ల ఎవరైనా ఒక పేరు చెప్పగానే, ఏ కళాశాల, ఏ విభాగం, ఏ కాలం అని అడగండి. కాలం సంగతి మరీ ముఖ్యం: 1988లో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న కవి సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ చదివిన రోజుల్లో ఉస్మానియాలో బోధనా భాష ఉర్దూ. ఆ తరగతి గదికీ, మీ అమ్మాయి కూర్చోబోయే తరగతి గదికీ పేరు తప్ప పోలిక లేదు.

హర్ష భోగ్లే ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, అహ్మదాబాద్ ఐఐఎంకు వెళ్లి, చివరికి క్రికెట్ వ్యాఖ్యాతగా స్థిరపడ్డారు. ఆ విజయాన్ని కెమికల్ ఇంజినీరింగ్ విభాగం ఖాతాలో వేయడం న్యాయం కాదు కదా! (అయినా ప్రతి కళాశాలా వేసుకుంటుంది.)

మీరు చూడవలసింది పదేళ్ల కిందట అదే విభాగం నుంచి బయటికి వచ్చిన, ఎవరికీ పేరు తెలియని మామూలు పట్టభద్రులను. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని లింక్డ్‌ఇన్‌లో ఆ విశ్వవిద్యాలయం పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల విభాగంలో చదివిన సబ్జెక్టు, సంవత్సరాలు ఎంచుకుంటే, ఎవరెవరు ఏ ఊళ్లలో, ఏ సంస్థల్లో, ఏ హోదాల్లో ఉన్నారో వరుసగా వస్తుంది. పదిహేను మంది మొదటి ఉద్యోగం, ఇప్పటి ఉద్యోగం ఒక కాగితం మీద రాసుకోండి; ప్రైవేటు విశ్వవిద్యాలయానికీ అంతే చేయండి. అది కొత్త సంస్థ అయితే పదేళ్ల నాటి పట్టభద్రులు దొరకకపోవచ్చు. అదీ మీకు తెలియవలసిన సమాచారమే. ఆ పదిహేను మందిలో నలుగురైదుగురికి మీ అమ్మాయి చేతనే మర్యాదగా రెండు వాక్యాల సందేశం రాయించండి. ప్యాకేజీ ఎంత అని అడిగించకండి. ల్యాబుల్లో పరికరాలు పనిచేసేవా, ఎంతమంది శాశ్వత అధ్యాపకులు పాఠాలు చెప్పారు, కోడింగ్ ఎక్కడ నేర్చుకున్నారు, ఈ మూడు ప్రశ్నలు చాలు. అందరూ జవాబివ్వరు, ఇద్దరు ఇచ్చినా, బంధువుల మాటల కంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇక నా అభిప్రాయం. అప్పు చేసి బ్రాంచి పేరు కొనుక్కోవడం కంటే ఉస్మానియా ఈసీఈలో చేరి, మొదటి ఏడాది నుంచే ప్రోగ్రామింగ్‌ను సొంతంగా సాధన చేయడం మీ ఇంటి పరిస్థితికి మేలు. అయితే సర్క్యూట్లు, సిగ్నల్స్ అంటే మీ అమ్మాయికి బొత్తిగా ఇష్టం లేకపోతే నాలుగేళ్లు వాటితోనే గడపడం కష్టం కాబట్టి, కళాశాలలో రిపోర్టు చేయవలసిన గడువు దాటకముందే ఆ ఒక్క మాట ఆమెనే అడిగి తేల్చుకోండి.