మాటలు బాగా వచ్చిన పిల్లాడికి ఆస్పర్జర్స్ ఉంటుందా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. మాటలు త్వరగానే వచ్చాయి, పెద్దవాళ్లలా మాట్లాడతాడు. కానీ తోటి పిల్లలతో కలవడు, ఎప్పుడూ లిఫ్టుల గురించే చెబుతుంటాడు. ఆస్పర్జర్స్ సిండ్రోమ్ ఏమో చూపించమని టీచర్ అన్నారు. ఇంత చక్కగా మాట్లాడేవాడికి సమస్యేమిటని ఇంట్లో వాళ్లు కొట్టిపారేస్తున్నారు. ఏం చేయమంటారు? - ఓ తల్లి

జవాబు: టీచర్ మాట వినండమ్మా. మాటలు రావడం వేరు, మాట కలపడం వేరు. ఆస్పర్జర్స్ అంటే ఎదుటివారితో కలవడం, వారి భావాలు పసిగట్టడం కష్టమయ్యే ఎదుగుదల తేడా. ఇందులో మాటలు ఆలస్యం కావు, తెలివితేటలకూ లోటుండదు. అందుకే బడిలో చేరేదాకా చాలామందిలో ఇది బయటపడదు. ఆడపిల్లల్లో అయితే ఇంకా ఆలస్యమవుతుంది, పక్కవాళ్లను చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారు.

బాబు లిఫ్టుల గురించి చెబుతుంటే మధ్యలో ‘నాకు తలనొప్పిగా ఉంది నాన్నా’ అని చూడండి. ఈ వయసు పిల్లలు చాలావరకు ఆగి మీ ముఖంలోకి చూస్తారు. ఆస్పర్జర్స్ ఉన్న పిల్లాడు తన ధోరణిలో తాను చెప్పుకుపోవచ్చు. అది ప్రేమ లేక కాదు. ఎదుటివారి ముఖం, గొంతు చెప్పే సంగతి అతనికి దానంతటదే అందదు. మాటను కూడా ఉన్నదున్నట్టే తీసుకుంటారు. ‘నా ప్రాణం తినకురా’ అంటే ‘నేనేం తినలేదు’ అని వెక్కివెక్కి ఏడ్చేవాళ్లుంటారు. మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకోవడం, చొక్కా కాలర్ లేబుల్ గుచ్చుకుంటోందని గొడవ, రోజూ వెళ్లే దారి మారితే పేచీ, బంతి పట్టలేకపోవడం కూడా కనిపించొచ్చు. వీటిలో ఒకటీ అరా అందరు పిల్లల్లోనూ ఉంటాయి. చాలా లక్షణాలు కలిసి ఇంట్లో, బడిలో ఇబ్బంది పెడుతుంటేనే ఆలోచించాలి.

దీనికి రక్తపరీక్షలు, స్కానింగులు లేవు. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరు) లేదా పిల్లల సైకాలజిస్టు బాబును గమనించి, మీతో మాట్లాడి నిర్ధారిస్తారు. అతను ఆడుకునే వీడియోలు నాలుగైదు తీసుకెళ్లండి, చాలా ఉపయోగపడతాయి. రిపోర్టులో ‘ఆటిజం’ అని రాస్తే టెన్షన్ పడకండి. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆస్పర్జర్స్‌ను ఆటిజం స్పెక్ట్రమ్‌లో, అంటే తేలికపాటి నుంచి తీవ్రమైన వాటి దాకా ఆటిజం రకాలన్నింటినీ కలిపి చెప్పే పేరులో, కలిపేసింది. మీ పెంపకం వల్లో, టీకాల వల్లో వచ్చేది కాదిది. మందులతో పోయేదీ కాదు. ఆందోళన, నిద్రలేమి వంటివి తోడైతేనే మందులు అవసరం కావొచ్చు. అసలు సాయం స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు, చప్పుడు, స్పర్శ వంటి ఇబ్బందులకు ఇచ్చే శిక్షణ)లదే. ‘మాటలు వచ్చుగా, స్పీచ్ థెరపీ ఎందుకు’ అనుకోకండి, సంభాషణలో వంతు ఇవ్వడం నేర్పేది అక్కడే.

లిఫ్టుల ఇష్టాన్ని మాత్రం మాన్పించొద్దు. బ్లాకులతో లిఫ్టు కట్టడానికి మరో పిల్లాణ్ని పిలవండి. ఒకరు బటన్ నొక్కాలి, ఒకరు ఎక్కాలి, తర్వాత మార్చుకోవాలి. మొదట పది నిమిషాలు చాలు.