పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి ఇసబ్‌గోల్ ఎందుకు పనిచేయడం లేదు?

మీ నాన్నగారు రోజూ పడుకునే ముందు అరగ్లాసు నీళ్లతో ఇసబ్‌గోల్ పొట్టు వేసుకుంటున్నా విరేచనం నాలుగైదు రోజులకోసారి మాత్రమే అవుతోందంటే, నీళ్లు చాలకపోవడమే ముఖ్యకారణం కావచ్చు. పార్కిన్సన్స్‌లో పేగుల నాడులు కూడా దెబ్బతిని కదలిక మందగిస్తుంది. అటువంటి పేగులోకి తగినంత నీరు లేకుండా చేరిన పొట్టు ఉబ్బి, దారికే అడ్డుపడుతుంది.

1. పొట్టును నిండు గ్లాసు నీటిలో కలిపి, చిక్కబడకముందే కూర్చోబెట్టి తాగించి, వెంటనే మరికొన్ని నీళ్లు ఇవ్వండి. పడుకునే ముందు వద్దు. మింగేటప్పుడు పొలమారుతుంటే పొట్టును పూర్తిగా మానివేయండి. చోడి (రాగి) అంబలి మంచిదే.

2. మీది సోంపేట అన్నారు. ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ కనుక, వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి వైద్యుణ్ణి అడగకుండా నీటి మోతాదు బాగా పెంచవద్దు, విరేచనానికి వాడే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అసలే వాడవద్దు.

3. అప్పటికీ కుదరకపోతే మలాన్ని మెత్తబరిచే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి గురించి వైద్యుణ్ణి అడగండి. పార్కిన్సన్స్ వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, ఐరన్ మాత్రలు రెండూ మలబద్ధకాన్ని పెంచగలవు కనుక మందుల చీటీ చూపించండి. సొంతంగా మాత్రం ఏదీ ఆపవద్దు.

4. కడుపు ఉబ్బి వాంతులవుతున్నా, గాలి పోకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ ఈ రోగులకు పడదు.