ఎముకనే ప్రింట్ చేస్తుంటే ఇక ఎండీఎస్ ఎందుకు?

ప్రశ్న: ఎంబీబీఎస్ సీటు కొద్దిలో తప్పడంతో మా అమ్మాయిని బీడీఎస్‌లో చేర్చాం. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఓరల్ సర్జరీలో (నోరు, దవడల ఆపరేషన్లు) ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ చేస్తానంటోంది. దవడ ఎముకను ప్రింటర్‌లో తయారుచేసి పెట్టేసే రోజులొచ్చాయని వీడియోల్లో చూశాను. అలాంటప్పుడు మూడేళ్లు సర్జరీ నేర్చుకోవడం దండగ కాదా? అప్పు చేసైనా అమెరికాలో బయోప్రింటింగ్‌కు (జీవకణాలతో శరీర భాగాలను ప్రింట్ చేయడం) సంబంధించిన ఎంఎస్ చేయించాలా? ఇక్కడే ఏడాది డిప్లొమా ఉందని కూడా ఎవరో చెప్పారు. ఏది మేలు?
- ఒక తండ్రి, భీమవరం

జవాబు: మీ అమ్మాయి ఏం చేయాలనుకుంటోందో మీ ఉత్తరంలోనే ఉంది. ఓరల్ సర్జరీ చేస్తానని తేల్చి చెబుతోంది. సందేహం మీది. ఎంబీబీఎస్ సీటు పోయిందన్న బాధ మీలో ఇంకా తగ్గలేదు. నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి బీడీఎస్ మీకు చాలడం లేదు, అందుకే కొత్త పేరున్న కోర్సు కోసం వెతుకుతున్నారు. ఐదేళ్లు కష్టపడి చదివిన పిల్లకు ‘నీది రెండో రకం చదువు’ అని మీరు రోజూ గుర్తుచేస్తున్నట్టే కదా. ముందు అది మానండి.

ఇక బయోప్రింటింగ్ సంగతి. నోటి క్యాన్సర్‌కు కింది దవడలో కొంత భాగం తీసేయాల్సి వస్తే, పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పటికీ కాలిలోని ఫిబ్యులా అనే సన్నటి ఎముకను తెచ్చి పెడతారు. 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో దవడకు ఈ పద్ధతిని వాడి చూపించారు. ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపు వచ్చేలా ముక్కలు కోసి, టైటానియం ప్లేటుకు బిగిస్తారు. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కుడతారు. ఆ కుట్టులో రక్తం గడ్డకడితే తెచ్చిపెట్టిన ఎముక చచ్చిపోతుంది.

ప్రింట్ చేసిన ఎముకకూ ఇదే చిక్కు. బయోప్రింటర్ జెల్‌లో కలిపిన జీవకణాలను పొరలు పొరలుగా పేర్చి ఒక పరంజా లాంటి నిర్మాణం కడుతుంది. దాన్నే స్కఫోల్డ్ అంటారు. కానీ లోపలి కణం బతకాలంటే మిల్లీమీటరులో ఐదో వంతు దూరంలోనైనా రక్తనాళం ఉండాలి. చిన్న ముక్కైతే చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఏదోలా నెట్టుకొస్తుంది. దవడలో ఒక వైపంతా పోతే మధ్యలోని కణాలకు ఆహారం ఎక్కడిది? పైగా ఆ ఎముక నమిలే ఒత్తిడి తట్టుకోవాలి, క్యాన్సర్ చికిత్సలో రేడియేషన్ పడిన కణజాలంలో అతుక్కోవాలి.

2022లో అమెరికాలో ఒక యువతికి ఆమె కణాలతోనే ప్రింట్ చేసిన చెవిని అమర్చారు. అదే ఏడాది హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి కార్నియాను (కంటి ముందుండే పారదర్శక పొర) ప్రింట్ చేసి కుందేలు కంట్లో పెట్టి చూశాయి. మీరు చూసిన వీడియోల్లో ఇవి ఉండే ఉంటాయి. అయితే చెవిలోని మెత్తటి ఎముక లాంటి మృదులాస్థికీ కార్నియాకూ సొంత రక్తనాళాలుండవు, ఎముకకు రక్తం లేనిదే గడవదు. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఆపరేషన్ మధ్యలోనే ఎముకనూ చర్మాన్నీ ప్రింట్ చేశారు, అదీ ఎలుక పుర్రె మీద. మన దేశంలోనూ మూలకణాల నుంచి తయారయ్యే ఉత్పత్తులు 2019 నిబంధనల ప్రకారం కొత్త మందుల కిందికి వస్తాయి. అంటే ట్రయల్స్ అన్నీ దాటాలి. పరిశోధన గొప్పదే. మీ అమ్మాయి ఉద్యోగం మాత్రం దాని కోసం ఆగదు.

ఏడాది డిప్లొమా మీద నాకు అస్సలు నమ్మకం లేదు. 2000ల మొదట్లో బయోటెక్నాలజీ పేరు చెప్పి కాలేజీలు సీట్లు నింపుకున్నాయి. చదివినవాళ్లలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లో తేలారు. ప్రింటర్ బటన్లు నొక్కడం కొన్ని వారాల్లో వస్తుంది. జెల్ ఎందుకు కారిపోతోంది, కణాలు ఎందుకు చస్తున్నాయి అని తేల్చాలంటే కణజీవశాస్త్రమో మెటీరియల్స్ సైన్సో లోతుగా వచ్చుండాలి. అమెరికా ఎంఎస్ అయినా అంతే. ఈ రంగంలో నిలబడేవాళ్లు ఎక్కువగా పీహెచ్‌డీ దాకా వెళ్తారు. ఇల్లు తాకట్టు పెట్టి రెండేళ్ల డిగ్రీ చేయించి, వెంటనే జీతంతో అప్పు తీర్చాలంటే ఆ పిల్ల మీద ఎంత టెన్షన్ పెడుతున్నారో ఆలోచించండి.

సర్జరీ దండగవుతుందన్న భయం వదిలేయండి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చి పై దవడ పోగొట్టుకున్నవాళ్లకు మళ్లీ ముఖం నిలబెట్టింది సర్జన్లూ, కృత్రిమ దవడలు అమర్చే దంతవైద్యులే. త్రీడీ ప్రింటింగ్ ఆపరేషన్ థియేటర్లోకి ఎప్పుడో వచ్చేసింది. సీటీ స్కాన్ నుంచి దవడ నమూనా, ఎముక ఎక్కడ కోయాలో చూపే గైడ్, రోగికి సరిపోయే టైటానియం ఇంప్లాంట్ ప్రింట్ చేస్తున్నారు. వీటిని డిజైన్ చేసే ఇంజినీరు పక్కన కూర్చుని ‘ఇక్కడ నరం ఉంది, స్క్రూ వద్దు’ అనేది సర్జనే. రేపు కణాలతో ఎముక వచ్చినా దాన్ని పెట్టాల్సిందీ వాళ్లే.

అమ్మాయికే పరిశోధన మీద ఆసక్తి ఉంటే దారి ఉంది. 2022 నుంచి బీడీఎస్ వాళ్లూ ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్ రాయొచ్చు, బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపరూ ఉంది. సీటిచ్చే సంస్థ బీడీఎస్‌ను ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. ఎండీఎస్‌లోనూ థీసిస్ ఉంటుంది, స్కఫోల్డ్స్ మీద చేయాలనుకుంటే థీసిస్ చేయించే ప్రొఫెసర్‌ను అడగమనండి.

ఇంటర్న్‌షిప్‌లో ఓరల్ సర్జరీ పోస్టింగ్ ఉన్నన్నాళ్లూ పెద్ద కేసులు చూడనివ్వండి. రాత్రి ఆలస్యమైతే విసుక్కోకుండా భోజనం పెట్టి, ఆ రోజు ఏం చూసిందో అడగండి. డిప్లొమా వాళ్లు ఫోన్ చేస్తే ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు కట్టకండి.