సమాధానం: చెప్పింది ఒకటి, కొట్టింది ఒకటి

అన్నా, ఎకరాకు 200 మి.లీ. మందు కొట్టమని ఫోన్‌లో చెబితే, కూలీ ఒక్కో ట్యాంకులో 200 పోసి పత్తి మాడ్చాడని రాశారు. తప్పు అతనొక్కడిదే అనలేను. మోటారు చప్పుడులో ‘ఎకరా’ అన్న మాట వినపడి ఉండదు. నల్గొండ దగ్గర మా బత్తాయి తోటలోనూ ఇలాగే అయింది.

అతని భుజాన ఉండేది ట్యాంకు, ఎకరా కాదు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లంటే 20 లీటర్ల ట్యాంకులు పది, అంటే ట్యాంకుకు 20 మి.లీ. ఆ లెక్క మీరే కట్టి, కొలిచి చూపించండి. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా ‘ఆఁ’ అనే అంటారు. ‘ఎంత పోస్తావో చెప్పు’ అని అడిగి, చెప్పేదాకా అడ్డుపడకుండా వినండి. మా తోటలో మందు కొట్టే పెద్దాయన అలా చెబుతూనే, తాను మందు కొలిచే మూత కొత్త సీసాకు పెద్దదని పట్టేశాడు!

చిగుర్లు పచ్చగా ఉంటే చేను అప్పుడే దున్నేయకండి, వారం చూడండి.